డోలీ దించమన్నాను

మునెప్పా,

కొండమెట్ల మీద డోలీ మోసేందుకు నాకు నల్లమందు అలవాటు చేసింది నువ్వు. చెప్పకుండా చచ్చిపోయిందీ నువ్వే. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

దసరాకు నల్లమందు మానేశాను. అప్పటినుంచి ఊరకే కూర్చున్నా గుండె దడదడలాడుతోంది, ఇక పోతాననిపిస్తోంది. వైద్యుడు నాడి పట్టి, "జబ్బేమీ లేదబ్బా" అంటాడు. ఆయనకేం తెలుసు? డోలీ వెనక మోస్తూ నా ఊపిరి విన్నది నువ్వు. ఎప్పుడు దించాలో చెప్పేది వెనకవాడే, ముందువాడు నోరెత్తకూడదు.

కొండకు మోటారు రోడ్డు పడినా డోలీ అడిగే యాత్రికులు ఇంకా ఉన్నారు. ఈ రోజు నిట్టనిలువు మోకాళ్ళమెట్టు దగ్గర దడ వచ్చింది. సిగ్గు విడిచి నేనే "దించప్పా" అన్నాను. వెనక మోసే కొత్తవాడు, "రవ్వంత నల్లమందు ఏసుకో పెద్దాయనా, గుర్రమైపోతావు" అని నవ్వినాడు. వద్దని కూర్చున్నాను. కాసేపటికి తగ్గింది.

శనివారం మళ్ళీ ఎక్కాలి. ఇది జబ్బా, ఉత్త భయమా? శుక్రవారం పొద్దుగూకే లోపల చెప్పు.