నల్లగుడ్డ మీద పేరు

ఫిబ్రవరి 11
మూడో రోజు. పరామర్శకొచ్చిన మగాళ్లు బయట డేరాలో చేదు కాఫీ తాగుతున్నారు. వీధి మలుపులో చావు కబురు రాసిన నల్లగుడ్డ కట్టారు. పసుపు అక్షరాలు. కూడబలుక్కుని చదివాను. అబూ హాతిమ్ గారి కూతురు జబ్బు చేసి అల్లా సన్నిధికి చేరిందట. ఏ కూతురు? ఏం జబ్బు? నా పిల్ల పేరు రిహాబ్. పంతొమ్మిదేళ్లు. నాకు ఈ అక్షరాలు నేర్పింది అదే. ఆడపిల్ల పేరు వీధిలో పెట్టరని అబూ హాతిమ్, అదే మా ఆయన, అన్నాడు. చచ్చాక కూడానా?

ఫిబ్రవరి 24
బస్రా నుంచి సర్వే వాళ్లొచ్చారు. క్యాన్సర్‌తో ఎవరైనా పోయారా అని ఒక డాక్టరమ్మ ఇంటింటా అడిగింది. మా గుమ్మంలో ఆయన జ్వరం అన్నాడు. నేను నోరు తెరిచేసరికి, ఏమే హాతిమ్ వాళ్లమ్మా, టీ పెట్టు పో, ఆ మాట బయటికొస్తే చిన్నదానికి సంబంధాలొస్తాయా అని పళ్లు నూరాడు. పక్కింటి సబ్రియా తన మొగుడు గుండె ఆగి పోయాడని చెప్పింది. ఎవరికైనా చివరికి ఆగేది గుండేగా!

ఫిబ్రవరి 24, సాయంత్రం
రొట్టెల పొయ్యి దగ్గర సబ్రియాని నిలదీశాను. మీ ఆయన మెడలో గడ్డలు నేను చూడలేదా అన్నాను. ఏడ్చింది. లింఫోమా, గడ్డల క్యాన్సర్ అని డాక్టరు అప్పుడే చెప్పాడట. నిరుడు మా రిహాబ్ మెడ తడిమి, జలుబు గడ్డ వదినా, వేడి ఉప్పు మూట పెట్టు అన్నది ఈ మనిషే. పెట్టాను. రంజాన్ నెలంతా పెట్టాను. తెలిసే అన్నావా అంటే, ఆ పేరు పలికితే ఇంట్లోకొస్తుందని భయం వదినా, మా కోడలికి కూడా చెప్పలేదు అంది. రొట్టెలు మాడిపోయాయి. మాడనీ.

మార్చి 8
ఆరోగ్య కేంద్రంలో మీటింగు. సర్వే లెక్కల ప్రకారం మన ఊళ్లో లింఫోమా దాదాపు లేదని ఆ డాక్టరమ్మ చెప్పింది. ముందే చూపించుకున్నవాళ్లు చాలామంది బతుకుతున్నారట కూడా. మగాళ్లు తలలూపారు. చమురు బావుల మంట పొగ లోపలికొస్తుంటే ఒకడు లేచి కిటికీ మూశాడు. నేనూ లేచాను. మా రిహాబ్, అన్నాను. ఆయన చెయ్యి లాగి కూర్చోబెట్టాడు. ముందే చూపించుకోవాలంటే ముందు ఎవరో ఒకరు దాని పేరు చెప్పాలి కదా, చచ్చినోళ్లారా!

మార్చి 17
నల్లగుడ్డలు రాసే దిర్‌ఘామ్ దగ్గరికెళ్లాను. నలభయ్యో రోజుకి కొత్తది కావాలి. మా రిహాబ్ లింఫోమా క్యాన్సర్‌తో పోయింది అని రాయమన్నాను. ఆ మాట రాస్తే చెయ్యి పడిపోతుంది పిన్నీ అన్నాడు. ఎన్నికలప్పుడు అన్ని అబద్ధాలు రాశావే, పడిపోయిందా అన్నాను. నవ్వాపుకోలేకపోయాడు. రాశాడు.

మార్చి 20
నేనే నిచ్చెనెక్కి కట్టాను. ఆయన మాట్లాడటం మానేశాడు. పీడా పోయింది.

మార్చి 21
రాత్రికి రాత్రి ఎవరో జబ్బు పేరున్నంత మేరా కత్తిరించుకుపోయారు. కన్నంలోంచి చమురు బావుల మంట కనిపిస్తోంది. కుట్టను. ఉండనీ. ఇక్కడ ఏముండేదని దారినపోయే ప్రతివాళ్లూ అడుగుతున్నారు. చెబుతున్నాను.
ఇందాక సబ్రియా కోడలు అడిగింది, మెడ మీద చెయ్యి పెట్టుకుని. చెప్పాను. ఆ చెయ్యి తీయించి చూశాను. గడ్డ. ఆ పిల్లతో బయటికెళ్లడానికి నల్ల అబాయా వేసుకుంటున్నాను. బస్రా బస్సు ఇంకా పోలేదు.