డబ్బాలో దూది

ఆదివారం, మాచర్ల

రెంటచింతలలో, పాత డబ్బాలే వాద్యాలుగా వాయించే మా డబ్బా మేళానికి జనం బాగానే వచ్చారు. మూడో పాటకే నా తంబూరా గొంతు పూడుకుపోయింది. నూనె డబ్బాకి సైకిల్ బ్రేకు తీగ బిగించి నేనే చేసుకున్న వాద్యం అది. దాని గొంతు నాకు తెలుసు.

సామాను ఆటోలో ఎక్కిస్తుంటే, డ్రమ్ము వాయించే ఖాసిం అన్నాడు: "దూది చెమ్మ పట్టుంటది బాబాయ్."

"ఈ ఊరి ఎండకి మనుషులే వరుగులైపోతంటే చెమ్మేందిరా?" అన్నాను. మేళమంతా నవ్వింది, నేనూ నవ్వాను.

మాచర్ల వచ్చాక గానీ తట్టలేదు. డబ్బాలో దూది ఉందని వాడికెవరు చెప్పారు? ఆ మెత్తటి మూలుగంతా లోపలి గుప్పెడు దూదిదే. ఆ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. విప్పి చూస్తే దూది చక్కగా మడిచి ఉంది. నేను కుక్కుతానే గానీ మడవను.

మొన్న చిలకలూరిపేటలో రికార్డింగ్ చేసే ఆయనెవరో ఖాసింని పక్కకు పిలిచి చాలాసేపు మాట్లాడాడు. ఏంటని అడిగితే "ఏం లేదు బాబాయ్, టీ తాగాం" అన్నాడు. నాకు పాట రాదు. ఈ మోత ఇంకొకరి చేతిలో పలికితే మేళంలో నాతో పనేముంది?

వాడికి తాళం నేర్పింది నేనే. బాగుచేద్దామని విప్పాడేమో. అలాగైతే చెప్పొచ్చు కదా.

దూది తీసేసి పాత పేపరు ఉండ పెట్టి బిగించాను. రేపు గురజాలలో మోత మారుతుంది. ఏమైందో చెప్పమని వాడినే అడుగుతాను. పేపరు అన్న మాట మాత్రం వాడి నోట రాకూడదు దేవుడా.