సాయంత్రం వేసుకోని మాత్ర

పూజ్యురాలైన వదినగారికి,

మీ మరదలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ తమ్ముడు, పిల్ల ముగ్గురం క్షేమం. ప్రతిసారీ ఈ మాట అలవాటుగా రాసేసేదాన్ని. ఈసారి మాత్రం కలం ఆపి, ఆలోచించి, నిజమేనని తేల్చుకున్నాకే రాశాను. మీరూ అన్నయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీ ఉత్తరం పోయిన మంగళవారం అందింది. ఇరవై రెండేళ్ళుగా పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుంటున్న మనిషి కదా, నాతో కూడా ఫారం నింపించాలనుకున్నట్టు ప్రశ్నలకు నంబర్లు వేశారు. ఐదు ప్రశ్నలు. రెండోది ఇల్లు, మూడోది నా పని, నాలుగోది మీ తమ్ముడు, ఐదోది చదువుకునే పిల్ల. మొట్టమొదటిది మాత్రం ఎప్పటిదే: "మా పిల్ల ఎలా ఉంది?"

ఆ ఉత్తరం పొరపాటున పరాయివాళ్ళ చేతిలో పడితే, ఎవరో ఆడపిల్లని అత్తారింటికి పంపిన తల్లి రాసిందనుకుంటారు. మీ ఒంట్లోంచి తీసి నా ఒంట్లో పెట్టిన కిడ్నీ గురించని ఎవరికి తడుతుంది! ఆపరేషనైన మర్నాడు పక్క మంచం మీద మూలుగుతూ కూడా మీరేమన్నారో గుర్తుందా? "ఇవాళ్టి నుంచి నేను నీకు ఆడపడుచుని కాదే, పిల్లనిచ్చిన వియ్యపురాలిని. సరిగ్గా చూసుకోలేదని తెలిసిందో, పంచాయితీ పెట్టిస్తా" అన్నారు. కుట్లు లాగుతుంటే నవ్వలేక చచ్చాను.

ఆ ఒకటో నంబరుకి జవాబు చివర్లో రాస్తాను. దాని కోసం ముందే పేజీలు తిరగేయకండి.

ఈ పరాయి దేశంలో మాకు దొరికిన ఇల్లు మూడో అంతస్తులో. రెండు గదులు, ఒక వంటిల్లు. వరండాలో దీపం దానంతటదే వెలిగి దానంతటదే ఆరిపోతుంది. ఎంతసేపటికి ఆరుతుందా అని మొదటి వారం రోజూ అంకెలు లెక్కపెట్టుకుంటూ నడిచాను. నలభై. సంచులు మోసుకుని నెమ్మదిగా నడిస్తే సరిగ్గా మా తలుపు దగ్గరికి వచ్చేసరికి చీకటి. తాళంచెవి కన్నం వెతుక్కోవడానికి గాల్లో చెయ్యి ఊపాలి, మళ్ళీ వెలుగుతుంది. ఎదురింటాయన నన్ను చూసి తనకే చెయ్యి ఊపుతున్నాననుకుని రోజూ బదులు ఊపేవాడు. ఇప్పుడు నిజంగానే పలకరించుకుంటున్నాం. ఇంకో వింత చెప్పనా? వంటింటి గోడలో చిన్న తలుపు ఒకటి ఉంది, ఎంతకీ తెరుచుకోలేదు. ఏముందో ఏమోనని నాకు అన్నం సయించలేదంటే నమ్మండి. చివరికి మీ తమ్ముడు తెరిచారు. లోపల నీళ్ళ మీటరు, పక్కనే ఎవరిదో ఒంటి చెప్పు. రెండోది ఏమైందని అడిగితే "నన్నడుగుతావేం?" అని విసుక్కున్నారు.

నా పని బాగుంది. బట్టలు సరిచేసే దుకాణం. కొత్తవి కుట్టం, ఉన్నవాటికి పొడుగు తగ్గించడం, నడుము వదులు చేయడం, జిప్పు మార్చడం. యజమానురాలు పెద్దావిడ. పొద్దస్తమానం పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని మాట్లాడుతుంది, అందుకని మన పిల్ల ఆవిడకి సూదమ్మ అని పేరు పెట్టింది. ఆ సూదులు ఎప్పుడు మింగుతుందా అని నాకు భయం. ఆవిడ దగ్గర ఒక పద్ధతి చూసి ఆశ్చర్యపోయాను. పదేళ్ళ నుంచి వచ్చే మనిషికైనా సరే, మళ్ళీ కొలత తీస్తుంది. "పాత కొలత పుస్తకంలో ఉందిగా" అన్నాను. "పుస్తకంలో ఉన్న మనిషి వేరు, ఇవాళ వచ్చిన మనిషి వేరు" అంది. నేను కంటితోనే చూసి కత్తిరించే రకాన్నని మీకు తెలుసుగా, మొదట్లో రోజుకో చీవాటు తిన్నాను.

మీ తమ్ముడి సంగతేముంది, ఎప్పటిలాగే. పగలంతా ఊళ్ళోవాళ్ళ లిఫ్టులు బాగుచేస్తారు. మొన్న మా లిఫ్టే ఆగిపోతే రొప్పుతూ మెట్లెక్కి వచ్చారు. "మీరు బాగుచెయ్యకూడదూ?" అంటే, "ఇది మా కంపెనీది కాదు" అని కాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. కాస్త చిక్కారు, కానీ అది మెట్ల వల్ల కాదు. దానికి కారణం నేను, చివర్లో రాస్తాను.

పిల్ల బళ్ళో కుదురుకుంది. ఎనిమిదేళ్ళకే దాని నోటికి తాళం లేదు. ఈమధ్య దానికి కిడ్నీ మీద పడింది ధ్యాస. "అత్తకి దాహమేస్తే నీకు తెలుస్తుందా అమ్మా? ఆ కిడ్నీకి అత్త గుర్తుంటుందా?" నాకేం తెలుసు? పోయిన నెల ఆసుపత్రికి వెళుతుంటే, ఆ ప్రశ్న చీటీ మీద రాసి డాక్టరమ్మకి ఇమ్మంది. ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని రెండుసార్లు చదివింది. "కిడ్నీకి ఎవరిదీ గుర్తుండదు. ఒంటికి మాత్రం అది తనది కాదని ఎప్పటికీ తెలుస్తూనే ఉంటుంది. గెంటెయ్యాలని చూస్తూనే ఉంటుంది. మీ అమ్మ వేసుకునే మాత్రలు ఆ ఒంటిని మాయచేసి కూర్చోబెడతాయి, అంతే. ఒక్క పూటైనా మానకూడదు" అని చీటీ వెనకాల జవాబు రాసి సంతకం కూడా పెట్టింది. పిల్ల దాన్ని బళ్ళో అందరికీ చూపించుకొచ్చింది.

ఇక ఒకటో నంబరు. వదినా, మీ పిల్లని నేను సరిగ్గా చూసుకోలేదు.

బయల్దేరేటప్పుడు మూడు నెలలకు సరిపడా మాత్రలు మీరే దగ్గరుండి డబ్బాలో సర్దారు. పొద్దున ఏడింటికి రెండు, సాయంత్రం ఏడింటికి రెండు. ఇక్కడ ముందు పేట డాక్టరు దగ్గర పేరు రాయించుకోవాలి, ఆయన చీటీ పంపితే పెద్దాసుపత్రి వాళ్ళు తేదీ ఇస్తారు. వచ్చిన నెలకి తేదీ వచ్చింది. చూస్తే, నా దగ్గరున్న మాత్రలు అయిపోయిన మూడు వారాల తర్వాత ఉంది.

అప్పుడు నేనేం చేశానంటే, ఎవరినీ అడగలేదు. సర్దుకున్నాను. పాలు తక్కువైన రోజు ఇన్ని నీళ్ళు కలిపి ఇంటిల్లిపాదికీ టీ సరిపెట్టినట్టు, సాయంత్రం పూట రెండింటికి బదులు ఒకటే వేసుకున్నాను. పన్నెండు వారాలు. మీ తమ్ముడికి చెప్పలేదు. చెబితే ఆయన ఎక్కడికో వెళ్ళి అడుగుతారు, వాళ్ళు "ఈవిడ జబ్బు మనిషి, మాకెందుకొచ్చిన బెడద, మీ దేశానికి వెనక్కి తీసుకుపోండి" అంటారేమోనని భయం. ఆయన పని, పిల్ల బడి అన్నీ నా మూలాన పోతాయేమోనని. పైగా ఒంట్లో ఏమీ తెలియలేదు. తింటున్నాను, తిరుగుతున్నాను, కుట్టుకుంటున్నాను. పెళ్ళయిన కొత్తలో పదిమందిలో మీరు నాకిచ్చిన బిరుదు గుర్తుందా? "మా మరదలు ఎంతలోనైనా సర్దుకుపోతుంది" అన్నారు. అప్పట్నుంచీ దాన్ని నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నాను.

తీరా ఆసుపత్రికి వెళ్ళాక, నర్సు నా సంచిలోని మాత్రల అట్ట చేతిలోకి తీసుకుని, కాగితం మీద తేదీలు చూసుకుని, "ఇవి మూడు వారాల కిందటే అయిపోయి ఉండాలే, ఇంకా ఎలా ఉన్నాయి?" అంది. మీ తమ్ముడు నా మొహంలోకి చూశారు. అంతే, కక్కేశాను. పిల్ల చీటీకి ముచ్చటపడి జవాబు రాసిన ఆ డాక్టరమ్మే, అప్పుడే, అదే గదిలో ఉంది. తిడుతుందనుకున్నాను. కుర్చీ నావైపు తిప్పుకుని "ఎందుకు?" అంది. నిలదీయడం కాదు వదినా, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. చెప్పాను. "ఒక్క ఫోన్ చేస్తే అదే రోజు ఇచ్చేవాళ్ళం కదమ్మా. వెనక్కి పంపడమేమిటి?" అంది. నేను మూడు నెలలు భయపడిన పని ఒక్క నిమిషంలో అయిపోయేది. అడగలేదు కాబట్టి తెలియలేదు.

మన ఇంట్లో అందరికీ నోటికొచ్చిన ఆ అంకె, పెరిగితే కిడ్నీ దెబ్బతిన్నట్టే అనే ఆ క్రియాటినిన్, బయల్దేరేటప్పుడు ఒకటి పాయింట్ ఒకటి. ఆరోజు ఒకటి పాయింట్ తొమ్మిది. అక్కడికక్కడే చేర్చుకుని మూడు రోజులు మందు ఎక్కించారు. ఆ మూడు రోజులూ మీరు ఫోన్ చేస్తే "పనిలో ఉంది" అని మీ తమ్ముడు చెప్పారు చూశారూ, మీతో ఆయన ఆడిన మొదటి అబద్ధం అదేనట. ఇంటికొచ్చే బస్సులో అన్నారు, "అక్కకి నేను చెప్పను. ఇచ్చింది ఆవిడ, పాడుచేసింది నువ్వు. మీరూ మీరూ తేల్చుకోండి." ఆ తర్వాత నాలుగు రోజులు మాట్లాడలేదు. కానీ ఆ నాలుగు రోజులూ పూటపూటకీ రెండు మాత్రలు సాసర్లో పెట్టుకుని నా ఎదురుగా నిలబడేవారు. మింగాక నోరు తెరిచి చూపించాలి. ఇప్పటికీ చూపిస్తున్నాను.

పోయిన గురువారం మళ్ళీ రక్తం తీశారు. ఒకటి పాయింట్ నాలుగు. "ఇక్కడ నిలబడుతుంది. పాత అంకె మాత్రం మళ్ళీ రాకపోవచ్చు" అంది డాక్టరమ్మ. అంటే మీరిచ్చిన దాంట్లో కొంత నేను పోగొట్టేశాను వదినా. మీరు కడుపు కోయించుకుని ఇచ్చిన దాన్ని. క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు, అడుగుతున్నాను.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ గురువారం ఆ గదిలో ఇంకొకటి జరిగింది. డాక్టరమ్మ ఫైలు మూస్తూ, "ఇచ్చిన ఆవిడ ఎలా ఉన్నారు?" అంది.

"బాగున్నారండీ" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

"ఆవిడ అంకె ఎంత?"

నేను మీ తమ్ముడి వంక చూశాను. ఆయన పైకప్పు వంక చూశారు. నా అంకె ఎనిమిదేళ్ళ పిల్లకి కూడా నోటికొచ్చు. మీది మాలో ఎవరికీ తెలియదు. "ఒక్క కిడ్నీతో ఉన్న మనిషి ఏడాదికోసారి చూపించుకోవాలి కదా, చివరిసారి ఎప్పుడు?" అంది. లెక్క వేసుకున్నాం. ఆపరేషనైన ఏడాదికి ఒకసారి వెళ్ళారు. ఆ మాటకి నాలుగేళ్ళు దాటింది.

ఇంటికొచ్చి, ఇక్కడికి వచ్చాక మీరు రాసిన ఉత్తరాలన్నీ ముందేసుకున్నాను. ఎన్ని ప్రశ్నలడిగినా మీ గురించి ప్రతి ఉత్తరంలోనూ ఒక్కటే వాక్యం: "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను." ఇదివరకు చదివి నవ్వుకునేదాన్ని. ఈసారి నవ్వు రాలేదు. ఎందుకంటే నా కిందటి రెండు ఉత్తరాల్లో "మీ పిల్లకేం, బంగారంలా ఉంది" అని రాసింది నేనే. సాయంత్రం ఒక్క మాత్ర మింగి, ఆ మాట రాసి, కవరు అంటించాను.

అందుకని, మీరు బాగున్నానంటే నేనిక నమ్మను. నేను బాగున్నానంటే మీరూ నమ్మకండి. గురువారం నాటి నా రిపోర్టు ఈ కవర్లోనే పెట్టాను, చూసుకోండి. తిట్లు ఎన్ని కావాలంటే అన్ని రాయండి, నంబర్లు వేసి మరీ రాయండి, కూర్చుని చదువుకుంటాను. కానీ ముందు సెలవు పెట్టి వెళ్ళి రక్తమిచ్చి రండి. రిపోర్టు నాకు పంపండి. నాకిచ్చింది ఎలాగోలా కాపాడుకుంటాను వదినా, మీకు మిగిలింది ఒక్కటే.

ఇట్లు,
మీ తిట్ల కోసం, మీ రిపోర్టు కోసం చూస్తుండే
మీ మరదలు