పట్టాలు లేని ఇంజను

అన్నా,

ఈరోజు నీ సంవత్సరీకం. నువ్వు చదవవని తెలిసినా ఈ కోపం ఇంకెవరితో చెప్పుకోను?

నువ్వు గద్వాల స్టేషన్ చూసొచ్చి నడిమింట్లో నేలమీద కట్టుకున్న చిన్న రైలులోంచి ఇంజను ఒక్కటే తీసి చిన్నాయన పంతులుగారికి దానమిచ్చాడు!

"ఇష్టమైన వస్తువు దానమిస్తే వానికి ముడుతది బిడ్డా," అన్నాడు.

"పట్టాలు లేకుండ ఏడ నడుపుతడు? నెత్తిన పెట్టుకొని తిరుగుతడా?" అని అరిచాను.

"అవి రేకుముక్కలే గద, ఉండనీ," అని నవ్వాడు.

రేకుముక్కలట! మేకులు పీకి, పట్టాలు, పెట్టెలు, నువ్వు వెదురుబద్దలతో కట్టిన కృష్ణానది వంతెన, అన్నీ గంపకెత్తి పంతులుగారింట్లో దించి వచ్చాను.

ఇప్పుడు నడిమిల్లు ఖాళీ. మేకులు పీకిన గుంతలు మాత్రం పట్టాలున్న చోట గుండ్రంగా మిగిలాయి. అమ్మ ఇంకా వాటిని తొక్కకుండా చుట్టూ తిరిగే వంటింట్లోకి పోతోంది.