ఏటి ఇసక

మావా, ఇక్కడ తెనాలిలో మేము బాగానే ఉన్నాం. నీ ఫోను సముద్రంలో పడింది కాబట్టి ఈ కార్డు. మన కుమారికి ఏడో నెల నిండింది. బరువులు ఎత్తొద్దని డాక్టరమ్మ చెప్పింది, అంతే. కంగారు పడకు.

అల్లుడు వాకిలంతా సిమెంటు బిళ్ళలు వేయించాడు. బిళ్ళకీ బిళ్ళకీ మధ్య సందుల నిండా ఇసక. చూస్తూ ఊరుకుంటానా? వచ్చిన రోజు నుంచీ ఈనెల చీపురుతో గీకి గీకి తీసి, గేటు అవతల పోశాను. నిన్న కుమారి కాలు పెడితే బిళ్ళ ఊగింది. పక్కనే ఉండి పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. అల్లుడు చూసి, "బిళ్ళలు కదలకుండా పట్టుకునేది ఆ ఇసకేనండి అత్తయ్యగారూ," అన్నాడు. సిగ్గుతో చచ్చాను.

తడి ఇసక సందుల్లోకి దిగదట. అందుకని ఇవాళ సన్న ఇసక ఎండబెట్టి, జల్లించి, అదే చీపురుతో లోపలికి తోశాను. ఏటి ఇసక, ఉప్పు వాసనే లేదు. అయినా తోస్తున్నంతసేపూ నువ్వే గుర్తొచ్చావు. ఇంట్లోకి ఇసక తెస్తావని పెళ్ళయిన దగ్గర్నించీ నిన్ను తిడుతూనే ఉన్నాను కదా.

మబ్బు పడితే ఎండుచేపలు లోపల పెట్టు. కోళ్ళగూడు తలుపు బాగుచేశావా? తినకుండా పడుకోకు. వేటకి వెళ్ళేటప్పుడు గంగమ్మ తల్లికి నా దణ్ణం కూడా పెట్టు.

ఆదివారం పాసింజరుకి వచ్చి అమ్మాయిని చూసి వెళ్ళు. కాళ్ళు కడుక్కోకుండా లోపలికొచ్చినా ఈసారి ఏమీ అనను.

గంగాదేవి