కారెన్‌కి వేసిన సున్నా

నేపర్‌విల్, 1984 మార్చి 6, మంగళవారం

ఒళ్ళు మండిపోతోంది. నా లెక్కల క్లాసులో కారెన్‌కి అక్షరాలు కుదురుగా నిలవవు, చదవబోతే తారుమారవుతాయి. అదే లెక్కని పైకి చదివి వినిపిస్తే కాగితం ముట్టుకోకుండానే జవాబు చెప్పేస్తుంది. అందుకే నిన్నటి పరీక్షలో పక్కన కూర్చుని ప్రశ్నలు చదివాను. పదికి తొమ్మిది చేసింది.

ఈరోజు ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, ఆ తొమ్మిదిని కొట్టేసి సున్నా వేశాడు. "మిగతా పిల్లలకి అన్యాయం కదా" అన్నాడు.

"నేను చదివింది ప్రశ్న, జవాబు కాదు. ఇది లెక్కల పరీక్షా, చదవడంలో పరీక్షా?" అన్నాను.

"రూల్ రూలే" అన్నాడు.

కారెన్ ఏడ్చినా బాగుండేది. "పర్లేదు మిసెస్ రావ్, నాకు అలవాటే" అంది. పదిహేనేళ్ళ పిల్లకి సున్నాలు అలవాటట!

ఇంటికొచ్చి చెబితే ఈయన, "జాబ్ ఇంకా పర్మనెంట్ కూడా కాలేదు. ఆయనతో ఆర్గ్యూ చేయడం నీకు అవసరమా?" అన్నారు. ఆ మాటకి భయం వేసింది. భయపడ్డందుకు నామీద నాకే కోపం వచ్చింది.

శుక్రవారం మళ్ళీ పరీక్ష ఉంది. ప్రతి ప్రశ్ననీ క్లాసు మొత్తానికీ పైకి చదువుతాను, రెండేసి సార్లు. అప్పుడు ఎంతమందికి సున్నా వేస్తాడో చూస్తాను.