ఒట్టు

లక్ష్మి నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన బిడ్డ నేర్పిన అక్షరాలతో రాస్తున్నాను.

పొద్దున్నే పక్కింటి ఎల్లమ్మ పెనిమిటిని తిడుతోంది. "లేవంగనే తలనొప్పి అంటవు, కక్కుతవు, తూలుతవు. మళ్ల కల్లు తాగుతున్నవా?"

"ముట్టలేదే. నువ్వే నాకు ఇద్దరి లెక్క కనబడుతున్నవ్" అన్నాడతను.

నువ్వూ అచ్చం అట్లాగే అన్నావు. బిడ్డ మీద వేసిన ఒట్టు తప్పి తాగుతున్నావనుకుని, మూడు నెలలు నీతో మాట్లాడలేదు. ఫిట్స్ వచ్చి పడ్డాకే పటాన్‌చెరు నుంచి హైదరాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. మెదడులో గడ్డ ఉందనీ, ఆలస్యం చేశామనీ అన్నాడు డాక్టర్.

గోడ దాటి వెళ్లాను. "ఎల్లమ్మా, జెర ఆయన నోరు వాసన సూడు."

వంగి చూసింది. "ఏం వస్తలేదక్కా."

"గట్లయితే జల్దీ పెద్దాసుపత్రికి తోల్కపో. రోజూ పొద్దుగాల తలనొప్పి, వాంతులు, ఒక్కటే రెండు లెక్క కనబడుడు. ఏమీ కాకపోవచ్చు, కానీ డాక్టరే చెప్పాలె."

ఇద్దరినీ బస్సెక్కించి వచ్చాను.

ఆమె ఒక్కసారి వంగింది, అంతే. నేను ఆ మూడు నెలలూ అటు తిరిగి పడుకున్నాను.